'మాకెందుకొస్తాయి' అని ఎందుకనిపిస్తుంది?

ప్రశ్న: అక్కా, నేను పీజీ చదువుతూ నాచారంలో హాస్టల్లో ఉంటున్నాను. లైంగిక వ్యాధుల గురించి మా వాళ్లలో ఎవర్ని అడిగినా ఎయిడ్స్, సిఫిలిస్, గనేరియా అంటూ పేర్లు గడగడా చెప్పేస్తారు. కండోమ్ వాడాలనీ వాళ్లే చెప్తారు. 'మరి నీకు వచ్చే అవకాశం ఉందా?' అంటే మాత్రం 'ఛీ, మాకెందుకొస్తాయి, మేం అలాంటివాళ్లం కాదు' అంటారు. వీళ్లలో ప్రేమలో ఉన్నవాళ్లున్నారు, బ్రేకప్ అయ్యి ఇంకొకరితో ఉంటున్నవాళ్లున్నారు. ఒక ఫ్రెండ్ మాత్రం రెండు వారాలుగా సరిగ్గా నిద్రపోవడం లేదు. టెస్టుకి ఎక్కడికెళ్లాలో తెలీదు, వెళ్తే ఎవరికైనా తెలిసిపోతుందేమోనని భయం. పుస్తకంలో తెలిసిన విషయమే మన దాకా వచ్చేసరికి తెలియనట్టు ఎందుకైపోతుంది? అసలు రిస్కు ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?
— పీజీ విద్యార్థిని, నాచారం

జవాబు: చెల్లీ, ముందు నీ ఫ్రెండ్ సంగతి. రక్షణ లేని కలయిక జరిగి 72 గంటలు దాటకపోతే హెచ్‌ఐవీ రాకుండా అడ్డుకునే మందులున్నాయి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 28 రోజులు వేసుకోవాలి. ఇంకెవరికైనా అవసరపడితే ఈ గడువు గుర్తుపెట్టుకో. మీ ఫ్రెండ్‌కి రెండు వారాలు గడిచాయి కాబట్టి ఇప్పుడు చేయించుకోవాల్సింది పరీక్షలు. ఎక్కడ, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది చివర్లో వివరంగా రాస్తాను. నిద్రపట్టని ఆ అమ్మాయే మీ అందరిలోకీ సరిగ్గా ఆలోచిస్తోందని ఆమెతో చెప్పు.

ఇక నీ 'ఎందుకు'. ఇది మీ హాస్టల్ పిల్లల తెలివితక్కువతనమని అనుకోవద్దు. ప్రపంచంలో ఏ యూనివర్సిటీలో అడిగినా దాదాపు ఇదే జవాబు వస్తుంది. 1980లో నీల్ వైన్‌స్టీన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 258 మంది కాలేజీ విద్యార్థుల ముందు 42 సంగతులు పెట్టాడు. మంచి ఉద్యోగం రావడం, సొంత ఇల్లు కొనుక్కోవడం, విడాకులు, చిన్న వయసులో గుండెపోటు, సుఖవ్యాధి సోకడం, ఇలాంటివి. 'మీ కాలేజీలో మీలాంటి మిగతావాళ్లతో పోలిస్తే ఇది మీకు జరిగే అవకాశం ఎక్కువా, తక్కువా?' అని ఒక్కొక్కదానికీ జవాబు రాయమన్నాడు. మంచివి తమకు ఎక్కువ జరుగుతాయనీ, చెడ్డవి తక్కువ జరుగుతాయనీ రాసినవాళ్లే ఎక్కువ. ఒక కాలేజీలో అందరూ సగటు కన్నా తక్కువ ప్రమాదంలో ఉండటం లెక్క ప్రకారం కుదరదు కదా.

వైన్‌స్టీన్ అక్కడితో ఆగలేదు. ఈ ధీమా ఏ విషయాల్లో ఎక్కువగా ఉంటోందో కూడా చూశాడు. 'ఇది ఫలానా రకం మనుషులకే జరుగుతుంది' అని ఒక బొమ్మ మనసులో ముందే పడిపోయిన చోట అది ఎక్కువగా కనిపించింది. తాగుబోతు అనగానే ఒక రూపం కళ్లముందుకొస్తుంది. మనం ఆ రూపంలో లేం కాబట్టి మనకు తాగుడు సమస్య రాదనుకుంటాం. మీ వాళ్లు అన్న 'అలాంటివాళ్లం కాదు' అన్న మాట వెనక పనిచేస్తున్నది ఇదే. ప్రమాదాన్ని జరిగిన పనితో కొలవడం లేదు, మనిషి రకంతో కొలుస్తున్నారు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

మరి ఆ బొమ్మ మన తెలుగువాళ్ల మనసుల్లో ఎవరు గీశారు? నీకు గుర్తుండే వయసు కాదు గానీ మీ అమ్మానాన్నల్ని అడుగు. 2000ల మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కడ చూసినా హోర్డింగుల మీద ఒకటే ప్రశ్న ఉండేది: 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో మనదీ ఒకటైన రోజులవి. అంతకు కాస్త ముందు ముంబైలో బల్బీర్ పాషా అనే పేరుతో ఇలాంటి ప్రచారమే జరిగింది. ఈ ప్రచారాల ఉద్దేశం మంచిది. చాటుగా మాట్లాడుకునే సంగతిని నడిబజారుకి తెచ్చాయి. బల్బీర్ పాషా ప్రకటనలు తొలగించాలనుకున్న అపోహలు సరిగ్గా మీ హాస్టల్లో వినిపించేవే: తాగిన మత్తులో కండోమ్ మర్చిపోతే ఏం కాదులే, ఎప్పుడూ ఒకే మనిషి దగ్గరికే వెళ్తున్నాం కదా, చూడటానికి ఆరోగ్యంగానే ఉంది కదా. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఈ మూడూ అలాగే ఉన్నాయి.

కానీ మన ఊళ్లలో జరిగిందేమిటి? పులిరాజా ఒక ఆటపట్టించే పేరైపోయాడు. కాలేజీల్లో అబ్బాయిలు ఒకర్నొకరు 'ఒరేయ్ పులిరాజా' అని పిలుచుకున్నారు. ప్రశ్న మూడో మనిషి గురించి అడిగారు కాబట్టి జవాబు కూడా మూడో మనిషి గురించే వచ్చింది. వస్తే పులిరాజాకి వస్తుంది, నాకెందుకొస్తుంది?

దానికి తోడు ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమాలు మొదట్నుంచీ దృష్టి పెట్టింది సెక్స్ వర్కర్ల మీద, లారీ డ్రైవర్ల మీద, వలస కూలీల మీద, మగవాళ్లతో కలిసే మగవాళ్ల మీద, సూదులతో మత్తుమందు ఎక్కించుకునేవాళ్ల మీద. వైద్యపరంగా అందులో తప్పులేదు. వ్యాప్తి ఎక్కడ ఎక్కువుందో అక్కడే ముందు పని చేయాలి, అది చాలా ప్రాణాలు కాపాడింది కూడా. కానీ బయట నిలబడి చూసినవాళ్లకు ఇంకో పాఠం అందింది: ఆ జబ్బు వాళ్లది. నాచారంలో ఇది ఇంకా తేలిగ్గా నమ్మొచ్చు. పారిశ్రామికవాడ వైపు నాలుగడుగులు వేస్తే లారీలు వరసగా ఆగి ఉంటాయి, ఊళ్లు వదిలి వచ్చిన కార్మికులు షిఫ్టు దిగి వస్తుంటారు. పక్క వీధిలో మీ హాస్టళ్లు. ఒకే టీకొట్టు దగ్గర నిలబడి కూడా 'ప్రమాదం అటువైపు ఉంది' అనుకోవడం చదువుకున్నవాళ్లకు అలవాటైపోయింది. సూక్ష్మజీవికి అటువైపు ఇటువైపు ఏముంటుంది? దానికి కావలసింది ఒక శరీరం నుంచి ఇంకో శరీరానికి దారి మాత్రమే.

ఒకప్పుడు దేశం మొత్తం ఇలాగే అనుకుంది. ఎయిడ్స్ పాశ్చాత్య దేశాల జబ్బు, మన సంప్రదాయాలకు అది రాదన్నారు. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్ తన పీజీ విద్యార్థిని చేత సెక్స్ వర్కర్ల రక్తం సేకరింపజేశారు. నమూనాల్ని వెల్లూరులో పరీక్షిస్తే హెచ్‌ఐవీ బయటపడింది. దేశంలో మొదటి ఆధారం అదే. 'మనకు రాదు' అన్న నమ్మకాన్ని పరీక్షకు పెట్టిన చేతుల్లో నీలాంటి ఒక పీజీ అమ్మాయి చేతులున్నాయని చెప్పడానికే ఇది ఎత్తాను.

సరే, ఈ వయసు పిల్లలు మనిషి రకాన్ని ఎలా కొలుస్తారు? మాటల్లో వినిపిస్తూనే ఉంటుంది. మంచి ఫ్యామిలీ, బాగా చదువుతాడు, నీట్‌గా ఉంటాడు, మా ఊరివాడే, మా సీనియరే. ఆ అబ్బాయికీ అమ్మాయి గురించి ఇవే లెక్కలు. ఇవి పెళ్లిసంబంధం చూసేటప్పుడు పెద్దవాళ్లు అడిగే ప్రశ్నలు. మనిషి నమ్మదగినవాడా కాదా అన్నది వీటితో కొంత తెలుస్తుందేమో. అతని ఒంట్లో ఏముందన్నది వీటితో తెలియదు. చాలాసార్లు అతనికే తెలియదు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. లైంగిక వ్యాధి అంటే పుండు, చీము, మంట, దురద ఉంటాయనీ, ఉంటే తెలిసిపోతుందనీ అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 15 నుంచి 49 ఏళ్ల వయసువాళ్లలో క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్ అనే నాలుగు కొత్తగా 37.4 కోట్ల సార్లు సోకాయి. రోజుకు పది లక్షలకు పైనే. ఈ నాలుగూ మందులతో నయమయ్యేవే. కానీ సోకినవాళ్లలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. క్లమీడియా సోకిన ఆడవాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు. లోపల మాత్రం అది గర్భాశయం దాటి ఫెలోపియన్ నాళాల దాకా వెళ్లి వాటిని పాడు చేయగలదు. ఐదారేళ్ల తర్వాత పెళ్లై పిల్లలు పుట్టడం లేదని ఆసుపత్రికి వెళ్లినప్పుడు, దాని మూలం చదువుకునే రోజుల్లో ఉందని ఎవరికి తడుతుంది?

సిఫిలిస్ సంగతి ఇంకా చిత్రం. సోకిన మూడు వారాలకు అటూ ఇటూగా ఒక పుండు వస్తుంది, అది నొప్పి పెట్టదు. లోపలి భాగంలో ఉంటే కనిపించదు కూడా. మందు వేసినా వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానిపోతుంది. 'తగ్గిపోయింది' అని మనిషి ఊపిరి పీల్చుకునే ఆ సమయంలోనే బాక్టీరియా ఒళ్లంతా పాకుతుంది. తర్వాత అరచేతుల మీద, అరికాళ్ల మీద మచ్చలు రావచ్చు, అవీ పోతాయి. తర్వాత ఏళ్ల తరబడి నిశ్శబ్దం. తొలి దశలోనే పట్టుకుంటే పెన్సిలిన్ ఒక్క ఇంజెక్షన్‌తో పోయేది, వదిలేస్తే మెదడు, గుండె దాకా వెళ్లగలదు. హెచ్‌ఐవీకి కూడా తొలి రోజుల్లో జ్వరం వస్తే వచ్చి తగ్గిపోతుంది, లేకపోతే అదీ ఉండదు. కాబట్టి 'నాకేం లక్షణాలు లేవు', 'తను ఆరోగ్యంగానే ఉన్నాడు' అన్న రెండు ధీమాలకూ ఆధారం లేదు.

ఇంకో కారణం చాలామంది గమనించరు. పెళ్లికాని అమ్మాయిలకు గర్భం వస్తుందన్న భయం ఎంత పెద్దదంటే, ఆ నీడలో మిగతా భయాలేవీ కనిపించవు. మందుల షాపులో ఐ-పిల్ అడిగి తెచ్చుకుని, నెలసరి వచ్చాక హమ్మయ్య అనుకుంటారు. ఆ మాత్ర గర్భాన్ని ఆపుతుంది, ఇన్ఫెక్షన్‌ని ఆపదు. నెలసరి రావడం ఒక్క ప్రశ్నకే జవాబు. మరో ప్రశ్న మిగిలే ఉంది, దాన్ని అడగాలన్న సంగతే ఎవరికీ తట్టదు.

నమ్మకం సంగతి వేరే. కొత్తలో కండోమ్ వాడతారు. రెండు మూడు నెలలు గడిచి మనసులు కలిశాక మానేస్తారు. అప్పుడు అడిగితే 'నా మీద నమ్మకం లేదా?' అంటారు. ఈ ఒక్క మాట ముందు ఎంత చదువుకున్న అమ్మాయైనా నోరు మూసుకుంటుంది. నమ్మకం ఇకమీదట జరగబోయే వాటి గురించి ఇచ్చే మాట. ఇన్ఫెక్షన్ ఇదివరకు జరిగిపోయిన వాటి గురించి. అతను నిన్ను మోసం చేయకపోవచ్చు, నీకన్నా ముందు ఒకరితో ఉండి ఉండొచ్చు, ఆ ఒకరు ఇంకొకరితో. 'నేను ఒక్కసారికి ఒక్కరితోనే ఉన్నాను' అని మీ వాళ్లు చెప్పేది నిజమే. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల పీజీలో అలా ఒకరి తర్వాత ఒకరు ముగ్గురైతే, ఆ ముగ్గురి గతాలూ మనతో వచ్చినట్టే. ఇందులో తప్పొప్పుల తీర్పు నాకు అక్కర్లేదు. ఇది లెక్క మాత్రమే.

లెక్క అంటే గుర్తొచ్చింది. మీ హాస్టల్లో ఇంజనీరింగ్ పిల్లలుంటే వాళ్లకి ఈ లెక్క ఇవ్వు. ఒక పనిలో ప్రతిసారీ నూటికి ఒక వంతు ప్రమాదం ఉందనుకుందాం. ఇది ఏ వ్యాధి తాలూకు అంకె కాదు, లెక్క కోసం తీసుకున్నది. ఒక్కసారికి నూటికి ఒకటి అంటే ఎవరూ పట్టించుకోరు. అదే పని 50 సార్లు చేస్తే ఒక్కసారైనా ప్రమాదం జరిగే అవకాశం నూటికి దాదాపు 40 అవుతుంది. 'ఇన్నిసార్లు ఏం కాలేదు కదా' అని మనం ధైర్యం తెచ్చుకునే కొద్దీ మొత్తం పెరుగుతూ పోతుంది. పరీక్షలో ఈ సూత్రం రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా దీన్ని తమ జీవితానికి వేసుకోరు.

అలాగని పిల్లలు భయపడరా అంటే, బాగా భయపడతారు, అవసరం లేని చోట. హాస్టల్ బాత్రూంలో అందరూ వాడే కమోడ్ వల్ల వస్తుందేమోనని, దోమ కుడితే ఎయిడ్స్ వస్తుందేమోనని. దోమల వల్ల, టాయిలెట్ సీటు వల్ల హెచ్‌ఐవీ రాదు. అబ్బాయిలైతే స్వప్నస్ఖలనం గురించి, హస్తప్రయోగం గురించి నెలల తరబడి కుమిలిపోయి, బస్టాపుల దగ్గర గోడల మీద కనిపించే 'రహస్య వ్యాధులకు శాశ్వత పరిష్కారం' ప్రకటనల వెంట వెళ్లి డబ్బు పోగొట్టుకుంటారు. ఏ హానీ లేని వాటి మీద అంత భయం పెట్టుకున్నవాళ్లకి, నిజంగా హాని ఉన్న చోట ఏ భయమూ మిగలదు.

ఇందులో చదువు వాటా కూడా ఉంది. ఇంటర్లో బైపీసీ తీసుకున్నవాళ్లకి జువాలజీలో పునరుత్పత్తి ఆరోగ్యం పాఠం ఉంటుంది. ఎంపీసీ వాళ్లకి పదో తరగతి జీవశాస్త్రంతోనే ఆ చదువు సరి. అక్కడైనా 'ఇంట్లో చదువుకోండి' అని దాటేసిన క్లాసులు మనందరికీ తెలుసు. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల పిల్లల్లో ఎక్కువమందికి పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో విన్నదే ఆఖరు పాఠం. అప్పుడు విన్నదీ ఎయిడ్స్ ఒక్కదాని గురించే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హెచ్‌ఐవీ గురించి సమగ్రంగా తెలిసినవాళ్లు దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 21.6, మగవాళ్లలో 30.7 మాత్రమే. పేరు తెలియడం వేరు, తెలియాల్సినవి తెలియడం వేరు.

హెచ్‌ఐవీ ఎంత ఉందనే ప్రశ్నకు కూడా నిజాయితీగా జవాబు చెప్పాలి. 2021 అంచనాల్లో దేశంలో పెద్దవాళ్లలో 0.21 శాతం, తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. అంటే మన రాష్ట్రంలో వెయ్యి మంది పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురు, దేశ సగటుకి రెండింతలు పైనే. ఇది చూసి బెంబేలెత్తక్కర్లేదు. 2004 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇస్తున్నారు, క్రమం తప్పకుండా వేసుకుంటే దాదాపు మామూలు ఆయుష్షు ఉంటుంది, వైరస్ పరీక్షకు అందనంత తగ్గాక కలయిక ద్వారా ఇంకొకరికి సోకదు కూడా. కానీ 'ఎయిడ్స్ అంటే చావు' అన్న పాత పోస్టర్ల భయం ఇంకా పోలేదు. అంత పెద్ద భయాన్ని మనసు దగ్గరికి రానివ్వదు, తలుపు వేసేస్తుంది. ఆ తలుపు అవతల క్లమీడియా, హెర్పిస్, హెపటైటిస్-బి, హెచ్‌పీవీ అన్నీ ఉండిపోతాయి.

హెచ్‌పీవీ గురించి ప్రత్యేకంగా చెప్తాను, ఎందుకంటే అమ్మాయిలు దీన్ని తమ రిస్కు లెక్కలోకే తీసుకోరు. మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రెండో స్థానంలో ఉంది. దాదాపు అన్నిటికీ మూలం ఈ వైరస్సే. ఇది చర్మం చర్మం తగిలినా సోకుతుంది కాబట్టి కండోమ్ ప్రమాదాన్ని తగ్గిస్తుంది గానీ పూర్తిగా ఆపలేదు. టీకా ఉంది. సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన దేశీ టీకా సర్వావాక్ 2023లో మార్కెట్లోకి వచ్చింది. చిన్న వయసులో వేయించుకుంటే మేలు ఎక్కువ, మీ వయసులో కూడా డాక్టరుని అడిగి వేయించుకోవచ్చు. మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఈ టీకా పేరు చెప్పగానే జంకితే వాళ్లని తప్పుపట్టకు. 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది గిరిజన, గ్రామీణ బాలికలకు అప్పటి హెచ్‌పీవీ టీకాను ప్రయోగాత్మకంగా వేశారు. కొందరు చనిపోవడంతో 2010లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ చాలామంది పిల్లల తరఫున తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారని బయటపడింది. 2013లో పార్లమెంటరీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే. అడగకుండా వేయడం అన్యాయం. ఈ రెండూ కలిపి గుర్తుపెట్టుకుంటేనే మన దగ్గర నమ్మకం మళ్లీ నిలబడుతుంది.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న, ఎలా తెలుసుకోవాలి?

'నేను అలాంటిదాన్నా?' అన్న ప్రశ్న పక్కన పెట్టేయమని చెప్పు. దాని బదులు ఒక కాగితం తీసుకుని ఎప్పుడు, ఏం జరిగింది, కండోమ్ మొదట్నుంచి చివరిదాకా ఉందా, అవతలి మనిషి ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నాడా, ఆ పరీక్ష తర్వాత ఇంకెవరితోనైనా ఉన్నాడా, ఇవి రాసుకోమను. ఎవరికీ చూపించక్కర్లేదు, రాసుకున్నాక చించేసినా ఫర్వాలేదు. ఒక్కదానికైనా 'తెలియదు' అన్న జవాబు వస్తే పరీక్ష చేయించుకోవడమే దారి. హెపటైటిస్-బి టీకా చిన్నప్పుడు పడిందో లేదో అమ్మ దాచిన టీకా కార్డులో చూసుకోవచ్చు.

నాచారం నుంచి దారి కష్టమేం కాదు. హబ్సిగూడలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో దిగి, లైను మారితే గాంధీ హాస్పిటల్ స్టేషన్ రెండో స్టాపు. అక్కడ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రం ఉంటుంది, వ్యవహారంలో ఐసీటీసీ అంటారు. చర్మ, సుఖవ్యాధుల విభాగం కూడా ఉంది. ఉస్మానియా ఆసుపత్రిలోనూ ఇవి ఉన్నాయి. ఐసీటీసీలో పరీక్ష ఉచితం. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, ఒప్పుకుంటేనే రక్తం తీసుకుంటారు, ఫలితం చెప్పేటప్పుడు మళ్లీ మాట్లాడతారు. వెళ్లే ముందు ఏదైనా అడగాలంటే 1097 నంబరుకి ఫోన్ చేయొచ్చు, ఉచితం.

తెలిసిపోతుందేమో అన్న భయానికి చట్టమే జవాబిచ్చింది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని ఆ మనిషి అనుమతి లేకుండా బయటపెట్టకూడదు, ఆ కారణంగా చదువులోంచో ఉద్యోగంలోంచో తీసేయకూడదు. చట్టం ఉన్నంతమాత్రాన ఓపీ వరసలో పక్కింటి ఆంటీ కనిపించదని కాదు. అదొక్కటే భయమైతే తెలిసినవాళ్లెవరూ ఉండరనుకునే ఆసుపత్రిని ఎంచుకోమను, భయం వల్ల మానేయడం కన్నా అది నయం. మగపిల్లల్ని ఇష్టపడే అబ్బాయిలకు, ట్రాన్స్ పిల్లలకు ఈ భయం రెండింతలు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ నుంచి వాళ్లని బయటపడేసినా, డాక్టరు ముందు నిజం చెప్పడానికి ఇంకా నోరు రాదు. మీ హాస్టళ్లలో అలాంటి స్నేహితులుంటే ఈ జవాబు వాళ్లకీ చూపించు. ఏ రకం కలయిక అన్నది చెప్తేనే డాక్టరు సరైన చోట నమూనా తీసుకోగలడు.

ఒక లోపం కూడా దాచకుండా చెప్పాలి. మన ప్రభుత్వ సుఖవ్యాధుల క్లినిక్కుల్లో చికిత్స ఎక్కువగా లక్షణాలను బట్టి జరుగుతుంది. స్రావం ఉంటే ఒక రంగు కిట్, పుండు ఉంటే ఇంకో రంగు కిట్, ఇలా ఏడు రంగుల మందుల కిట్లున్నాయి. లక్షణాలతో వచ్చినవాళ్లకి అదే రోజు మందు చేతికందుతుంది, అది గొప్ప సౌకర్యం. లక్షణం లేని క్లమీడియా మాత్రం ఈ పద్ధతికి చిక్కదు. దానికి మూత్రం లేదా స్వాబ్ పరీక్ష కావాలి. ప్రైవేటు ల్యాబుల్లో ఉంది, విద్యార్థుల జేబుకి బరువే. అమెరికాలో 25 ఏళ్ల లోపు ఆడవాళ్లు కలయికలో ఉంటే ఏటా ఈ పరీక్ష చేయించుకోవాలని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ చెప్తుంది, ఎందుకంటే ఆ దేశంలో కొత్త లైంగిక ఇన్ఫెక్షన్లలో దాదాపు సగం 15-24 ఏళ్లవాళ్లవే. మన నాచారం, ఉప్పల్ పిల్లలే అక్కడ ఎమ్మెస్‌కి వెళ్తే క్యాంపస్ హెల్త్ సెంటర్లో జలుబుకి చూపించుకున్నంత మామూలుగా ఈ పరీక్ష చేయించుకోవచ్చు. మన యూనివర్సిటీ హెల్త్ సెంటర్లలో కూడా ఈ పరీక్ష పెట్టమని విద్యార్థులు అడగాలి. అడిగితే సిగ్గుచేటు కాదు, అది మీ హక్కు.

ఇంకొకటి, మందుల షాపులో చెప్పి నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చుకుని మింగడం వద్దు. గనేరియా ఇప్పటికే చాలా మందులకు లొంగడం మానేసింది. సగం మోతాదుతో లక్షణం అణగుతుంది, జబ్బు మిగులుతుంది. జబ్బు తేలితే ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి. ఒకరు వాడి ఒకరు మానేస్తే మళ్లీ అటునుంచి ఇటు వచ్చేస్తుంది. ఆ అబ్బాయికి చెప్పడం కష్టమే, నాకు తెలుసు. 'నువ్వు ఇచ్చావు' అని మొదలుపెడితే గొడవే మిగులుతుంది. 'నాకు టెస్టులో ఇది వచ్చింది, నువ్వు కూడా చేయించుకో, మందు ఇద్దరికీ కావాలట' అని మెసేజ్ పెట్టినా చాలు.

మీ ఫ్రెండ్‌కి లెక్క ఇది. ఇప్పుడు వెళ్లి హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి రక్తపరీక్షలు చేయించుకోవాలి. రెండు వారాలకే నెగటివ్ వచ్చిందని అక్కడితో వదిలేయకూడదు, ఎందుకంటే రక్తంలో ఆనవాళ్లు కనిపించడానికి సమయం పడుతుంది. కలయిక జరిగిన రోజు నుంచి మూడు నెలలు పూర్తయ్యాక మళ్లీ ఒకసారి చేయించుకోవాలి. ఆ తేదీ ఇప్పుడే ఫోన్లో పెట్టుకోమను. ఈలోపు స్రావం, మంట, పుండు, పొత్తికడుపు నొప్పి ఏది కనిపించినా మూడు నెలలు ఆగకుండా వెంటనే వెళ్లాలి. రెండో ఫలితం వచ్చేదాకా కలయికైతే కండోమ్‌తోనే. ఒంటరిగా వెళ్లలేనంటే నువ్వు తోడు వెళ్లు, లోపలికి మాత్రం ఆమెనే వెళ్లనివ్వు, కౌన్సెలర్‌తో ఒంటరిగా మాట్లాడాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ ఉదయం పూటే, ఆదివారం ఉండదు. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుని, టిఫిన్ చేసి, తొమ్మిదికల్లా ఓపీ చీటీ వరసలో ఉండండి.